మిషిగన్‌లో మొదటి చలికాలం: ఈ రెండు ఇన్సూరెన్స్ కోట్లలో ఏది తీసుకోవాలి?

ప్రవీణ్, నోవై

అందరికీ నమస్కారం. ఆరేళ్ళు టెక్సాస్‌లో, అర్వింగ్‌లో ఉండి, ఉద్యోగం మారి పోయిన నెలలోనే నోవై వచ్చాం. నేను, నా భార్య, నాలుగేళ్ళ పాప. రెండు కార్లున్నాయి. 2021 హోండా సీఆర్‌వీ, దాని మీద ఇంకా లోన్ నడుస్తోంది. రెండోది 2014 కరోలా, లోన్ తీరిపోయింది. స్నోలో బండి నడపడం ఇద్దరికీ ఇదే మొదలు.

అక్కడ రెండు కార్లకీ కలిపి ఆరు నెలలకు 890 డాలర్లు కట్టేవాళ్ళం. ఇక్కడ ఏజెంట్ ఏకంగా 2,180 అన్నాడు. అంత కట్టలేనంటే గంటలో రెండో కోట్ పంపాడు, 1,490కి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటిదాంట్లో పీఐపీ (దెబ్బ తగిలితే మన వైద్యం ఖర్చుకిచ్చేది) అన్‌లిమిటెడ్ అని ఉంది, రెండోదాంట్లో రెండున్నర లక్షల డాలర్లు. బాడిలీ ఇంజురీ అందులో 250/500, ఇందులో 50/100. అందులో బ్రాడ్ కొలిజన్, ఇందులో రెండు కార్లకీ లిమిటెడ్ కొలిజన్. "రెండూ ఫుల్ కవరేజే" అన్నాడు ఏజెంట్.

టెక్సాస్‌లో 30/60/25 లయబిలిటీ (మన తప్పుకి ఎదుటివాళ్ళకిచ్చేది, వేల డాలర్లలో: ఒక్కరి గాయాలకి, మొత్తం ప్రమాదంలో గాయాలకి, ఆస్తికి) ఉంటే చట్టానికి సరిపోయేది. పీఐపీ వద్దని సంతకం పెడితే వదిలేసేవాళ్ళు. ఇక్కడ ఈ పేర్లేవీ నాకు అర్థం కావడం లేదు. నెలకి వంద డాలర్లకు పైగా తేడా అంటే మాకు చిన్న మొత్తం కాదు. రెండోది తీసుకుంటే స్నోలో ఏదైనా జరిగినప్పుడు చిక్కుల్లో పడతామా? ఇంకో సంగతి, అమ్మానాన్న డిసెంబరులో తెనాలి నుంచి వస్తున్నారు. వాళ్ళు కారులో ఉండగా ఏదైనా అయితే ఈ పాలసీ వాళ్ళకీ వర్తిస్తుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

సుధీర్, కాంటన్

ప్రవీణ్ బ్రో, మిషిగన్‌కి స్వాగతం. రేట్లు చూసి కంగారు పడకండి, ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట ఇదే షాక్. ఒక్క ఏజెంట్ దగ్గరే ఆగిపోవద్దు. నాలుగైదు కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంట్లు ఉంటారు, వాళ్ళని అడగండి. చదువు, ఉద్యోగం, పెళ్ళయిందా లేదా, ఆడా మగా, సొంతిల్లుందా, జిప్ కోడ్ ఏంటి, వీటిని బట్టి రేటు వేయకూడదని 2019లో చట్టం మార్చారు. అయినా టెరిటరీ అని ఒకటి ఉంది కాబట్టి ఉండే ప్రాంతాన్ని బట్టి తేడా వస్తూనే ఉంటుంది.

కరోలాకి అసలు కొలిజనే అనవసరం అని నా అభిప్రాయం. పదేళ్ళు దాటిన బండి. కాంప్రహెన్సివ్ (జింక, విరిగిపడిన కొమ్మ, పగిలిన అద్దం లాంటి వాటికిచ్చేది) మాత్రం ఉంచండి, చవగ్గానే వస్తుంది. నా రెండు కార్లకీ లిమిటెడే ఉంది, ఇంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు. రెండో కోట్ తీసేసుకోండి.

లలిత, ఫార్మింగ్టన్ హిల్స్

ప్రవీణ్ గారూ, దయచేసి ఆ రెండో కోట్ మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. సుధీర్ గారు కరోలా గురించి చెప్పింది బాగుంది, సీఆర్‌వీ విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను. నేను ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని కాదు. ఇక్కడ చాలా చలికాలాలు చూశాను, చుట్టాల క్లెయిమ్ కాగితాలు దగ్గరుండి నింపించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు కొలిజన్ సంగతి, అంటే గుద్దుకున్నప్పుడు మన బండి రిపేరుకిచ్చే కవరేజ్. ఇక్కడ అది మూడు రకాలు. బ్రాడ్ అంటే, ప్రమాదంలో మీ తప్పు సగం మించకపోతే డిడక్టబుల్ (రిపేరులో ముందుగా మన జేబులోంచి కట్టే మొత్తం) కూడా లేకుండా మీ బండి బాగుచేయిస్తారు. మించితే డిడక్టబుల్ మీరు కట్టాలి, మిగతాది వాళ్ళు. స్టాండర్డ్ అంటే తప్పు ఎవరిదైనా డిడక్టబుల్ మీదే, మిగతాది వాళ్ళది. లిమిటెడ్ అంటే మీ తప్పు సగం మించకపోతేనే ఇస్తారు. మించిందా, పైసా రాదు.

ఇప్పుడు స్నోలో జరిగే ప్రమాదం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎక్కువ శాతం ఎవరూ వచ్చి గుద్దరు. మన బండే జారిపోయి డిచ్‌లోకో, గార్డ్‌రెయిల్ మీదికో వెళ్తుంది. మా మరిదికి సరిగ్గా ఇదే జరిగింది. నవంబరు నెలాఖరు, సాయంత్రం ఐదున్నరకే చీకటి. ఐ-275 నుంచి ఎయిట్ మైల్ రోడ్డుకి దిగే ర్యాంపు. పొద్దుటి నుంచి కురిసిన సన్నటి వాన చీకటి పడేసరికి గడ్డకట్టింది. రోడ్డు తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది, అది బ్లాక్ ఐస్. తను నడిపింది కూడా నెమ్మదిగానే. బ్రేక్ మీద కాలు పెట్టగానే పెడల్ కింద గరగరమని ఏబీఎస్ కొట్టుకుంది. స్టీరింగ్ ఎడమకి తిప్పినా బండి తిన్నగానే పోయింది. కుడివైపు హెడ్‌లైట్, ఫెండర్, రేడియేటర్ పోయాయి. మనిషికి ఏమీ కాలేదు, అదే పదివేలు.

మర్నాడు కంపెనీ అడ్జస్టర్ (క్లెయిమ్ పరిశీలించే ఉద్యోగి) ఫోన్ చేసి రెండే ప్రశ్నలడిగాడు. ఇంకో వాహనం ఉందా? లేదు. రోడ్డు మీద ఏదైనా అడ్డం వచ్చిందా? లేదు. అయితే ఇది సింగిల్ వెహికల్ యాక్సిడెంట్, నూటికి నూరు శాతం మీ తప్పు కింద లెక్క అన్నాడు. ఐస్ ఉందంటే, ఐస్ ఉన్నప్పుడు దానికి తగ్గట్టు నడపాల్సిన బాధ్యత డ్రైవర్‌దే అని జవాబు. బాడీ షాపులో 6,800 డాలర్లు ఎస్టిమేట్ వేశారు. పాలసీలో ఉన్నది లిమిటెడ్ కొలిజన్. ఆ మొత్తం తన జేబులోంచే పోయింది. అతనికీ అమ్మేటప్పుడు ఫుల్ కవరేజ్ అనే చెప్పారు. ఆ మాటకి చట్టంలో అర్థమే లేదండీ. ఏజెంట్ నోట ఆ మాట వినిపిస్తే, డిక్లరేషన్ పేజీలో (పాలసీలో ఏమేం ఉన్నాయో రాసే మొదటి కాగితం) కొలిజన్ పక్కన ఏ మాట రాసి ఉందో మీ కళ్ళతో చూసుకోండి.

సుధీర్ గారికి ఇంతవరకూ ఇబ్బంది రాకపోవడం సంతోషమే. కానీ వేరేవాళ్ళు వచ్చి గుద్దితే పనికొచ్చి, మనం జారితే పనికిరాని పాలసీ ఈ వాతావరణంలో మొదటి ఏడాది నడిపేవాళ్ళకి తగదు. పైగా మీ సీఆర్‌వీ మీద లోన్ ఉందన్నారు. చాలామంది లెండర్లు లిమిటెడ్ ఒప్పుకోరు. లోన్ కాగితాల్లో ఇన్సూరెన్స్ షరతులు ఉంటాయి, డిడక్టబుల్ ఎంత మించకూడదో కూడా రాస్తారు. అవి పాటించకపోతే వాళ్ళే ఒక ఖరీదైన ఇన్సూరెన్స్ తీసుకుని మీ వాయిదాలో కలిపేస్తారు.

కాంప్రహెన్సివ్ రెండు కార్లకీ ఉంచుకోండి. జింక గుద్దితే వచ్చేది దీన్నుంచే. మిషిగన్‌లో ఏటా యాభై వేలకు పైగా జింక ప్రమాదాలు నమోదవుతాయి, అక్టోబరు, నవంబరుల్లో మరీ ఎక్కువ. ఇందులో ఒక మెలిక ఉంది. జింకని గుద్దితే కాంప్రహెన్సివ్. జింకని తప్పించబోయి చెట్టుని గుద్దితే కొలిజన్. అందుకే ఇక్కడ, జింక అడ్డం వస్తే బ్రేక్ వేయండి గానీ స్టీరింగ్ పక్కకి తిప్పకండి అని డ్రైవింగ్ నేర్పేటప్పుడే చెబుతారు. 2023 ఫిబ్రవరిలో పెద్ద ఐస్ స్టార్మ్ వచ్చింది, మాకూ రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో ఐస్ బరువుకి కొమ్మలు విరిగి కార్ల మీద పడ్డాయి. వాళ్ళందరికీ డబ్బులిచ్చింది కాంప్రహెన్సివే. అద్దం పగిలినా అదే. అన్నట్టు, అద్దం మీద పేరుకున్న ఐస్ కరగాలని వేడినీళ్ళు పోయకండి, నిలువునా చీలిపోతుంది. స్క్రేపర్‌తో గీకి, డిఫ్రాస్ట్ పెట్టి కాసేపు ఆగండి.

ఇక పీఐపీ. మీ కోట్‌లో ఎక్కువ డబ్బు పోతున్నది ఇక్కడే. 1973 నుంచి మిషిగన్ నో-ఫాల్ట్ రాష్ట్రం. తప్పు ఎవరిదైనా మన వైద్యం ఖర్చు మన ఇన్సూరెన్సే పెట్టుకుంటుంది. 2015 జనవరిలో కలమజూ దగ్గర ఐ-94 మీద స్నోలో 193 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. అలాంటి చోట ఎవరు ఎవర్ని గుద్దారో తేలేదాకా ఆసుపత్రి బిల్లు ఆగదు కదా. ఈ పద్ధతి మేలు అక్కడ తెలుస్తుంది. వైద్యమే కాదు, పనికి వెళ్ళలేకపోతే జీతంలో 85 శాతం దాకా, ఒక పరిమితికి లోబడి, మూడేళ్ళ వరకు ఇస్తారు. ఇంటి పనికి మనిషిని పెట్టుకుంటే రోజుకి 20 డాలర్ల దాకా ఇస్తారు.

2020 జూలై దాకా అందరికీ అన్‌లిమిటెడ్ తప్పనిసరి. ఆ తర్వాత అయిదు లక్షలు, రెండున్నర లక్షలు ఎంచుకునే వీలిచ్చారు. మెడికెయిడ్, మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు) ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువవీ ఉన్నాయి, అవి మీకు వర్తించవు. మీకు ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు ముందు అది కట్టి తర్వాత పీఐపీ కట్టేలా కోఆర్డినేటెడ్ అని అడగండి, ప్రీమియం తగ్గుతుంది. అయితే మీ హెల్త్ ప్లాన్ కారు ప్రమాదాల్ని కవర్ చేస్తుందని హెచ్‌ఆర్ నుంచి ఉత్తరం తెచ్చుకోండి. చేయని ప్లాన్లూ ఉన్నాయి.

రెండున్నర లక్షలు చాలదా అంటారేమో. చెయ్యి విరిగితే చాలుతుంది. తలకి దెబ్బ తగిలినా, వెన్నెముక దెబ్బతిన్నా ఐసీయూలోనే ఆ డబ్బు కరిగిపోతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ఆసుపత్రి ఖర్చు పెడుతుంది గానీ, ఇంట్లో ఏళ్ళ తరబడి చూసుకునే మనిషి జీతం పెట్టదు. ఇంటికి ర్యాంపు కట్టించదు. అన్‌లిమిటెడ్ పీఐపీ అవి పెడుతుంది. ఇంకో మాట. మన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో ముడిపడి ఉంది. మంచాన పడితే ఉద్యోగం ఎన్నాళ్ళుంటుంది? ఉద్యోగం పోతే ఆ ఇన్సూరెన్సూ పోతుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి అన్నీ ఒకేసారి పోతాయి. నాకు చిన్నపిల్లలున్న రోజుల నుంచి అన్‌లిమిటెడే ఉంచుకున్నాను, ఇప్పటికీ మార్చలేదు. డబ్బు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, దీంట్లో వద్దు.

బాడిలీ ఇంజురీ, అంటే మన తప్పుతో ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే ఇచ్చేది, 250/500 నుంచి కిందికి దించకండి. నో-ఫాల్ట్ అన్నంత మాత్రాన కోర్టుకి లాగరని కాదు. మన బండి జారి వెళ్ళి ఒకరి ప్రాణం పోయినా, శరీరం పనితీరు తీవ్రంగా దెబ్బతిన్నా, రూపం శాశ్వతంగా బాగా చెడినా దావా వేయొచ్చు. 50/100 అనేది చట్టం ఒప్పుకునే కనీసం. దానికి మీచేత ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. సంతకం పెట్టకపోతే 250/500 ఉంటుంది.

ప్రవీణ్, నోవై

లలిత గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. లోన్ కాగితం తీసి చూశాం. మీరన్నట్టే కొలిజన్ డిడక్టబుల్ వెయ్యి మించకూడదని ఉంది.

ఇంకో రెండు సందేహాలు. అమ్మానాన్నల సంగతి అలాగే ఉండిపోయింది. రెండోది, మా అపార్ట్‌మెంట్‌లో గరాజ్ లేదు, రెండు కార్లూ బయటే ఉంటాయి. స్నోలో ఎవరైనా జారి వచ్చి ఆగి ఉన్న కారుని గుద్దితే మళ్ళీ మన డిడక్టబులేనా?

లలిత, ఫార్మింగ్టన్ హిల్స్

ఆగి ఉన్న కారు సంగతి ముందు చెప్పేస్తాను, అది తేలిక. ఇక్కడ ప్రతి పాలసీలో పీపీఐ (ప్రాపర్టీ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్) అని పది లక్షల డాలర్లకి తప్పనిసరిగా ఉంటుంది. ఇళ్ళు, కంచెలు, స్తంభాలు, సరిగ్గా పార్క్ చేసి ఉన్న వాహనాలు, వీటికి నష్టం జరిగితే గుద్దినవాళ్ళ పీపీఐ కట్టాలి. మీకు డిడక్టబుల్ లేదు. మా మరిది వంచేసిన గార్డ్‌రెయిల్‌కి తర్వాత బిల్లు వచ్చింది, దాన్ని కట్టింది కూడా తన పీపీఐనే. కారుకి రాలేదు గానీ దానికి వచ్చింది. "సరిగ్గా పార్క్ చేసి" అన్నది మాత్రం గుర్తుంచుకోండి. గీత దాటి సగం దారిలో నిలిపిన కారుకి వర్తించదని వాదిస్తారు. గుద్దినవాళ్ళు ఆగకుండా పోతే మాత్రం మన కొలిజనే దిక్కు. పొద్దున్నే స్నో దులిపేటప్పుడు బండి చుట్టూ ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఏదైనా దెబ్బ కనిపిస్తే స్నోలో ఉన్న టైరు జాడలతో సహా ఫోటో తీయండి, మధ్యాహ్నానికి అవి ఉండవు.

నడుస్తున్న కారుని ఎవరైనా గుద్దితే వేరే లెక్క. అప్పుడు మన బండి మన కొలిజన్ కిందే బాగుచేయించుకోవాలి. ఎదుటివాళ్ళ తప్పు సగం గానీ అంతకు మించి గానీ ఉంటే, మన ఇన్సూరెన్స్ ఇవ్వని భాగం 3,000 డాలర్ల దాకా వాళ్ళ నుంచి రాబట్టుకోవచ్చు, దాన్ని మినీ టార్ట్ అంటారు. కరోలాకి కొలిజన్ తీసేస్తే మీకు ఎక్కువలో ఎక్కువ దక్కేది అదే అని తెలిసి తీసేయండి.

ఇక అమ్మానాన్నలు. ఇది చాలామంది తెలుసుకోకుండా వదిలేస్తున్న విషయం, మనసు పెట్టి చదవండి. 2019 చట్టం తర్వాత మిషిగన్‌లో నివాసి కానివాళ్ళకి, ఇక్కడ రిజిస్టర్ చేసి ఇన్సూరెన్స్ చేయించిన సొంత కారు లేకపోతే, పీఐపీ దక్కదు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు సాధారణంగా ఆ కోవలోకే వస్తారు. మీకు అన్‌లిమిటెడ్ ఉండొచ్చు, అదే కారులో వెనక సీట్లో కూర్చున్న మీ అమ్మగారికి సున్నా కావచ్చు. మీ ఏజెంట్‌ని ఇది మాటల్లో కాదు, ఈమెయిల్‌లో అడగండి, జవాబూ ఈమెయిల్‌లోనే తీసుకోండి.

అందుకని వాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ గట్టిది తీసుకోండి. రెండు రకాలమ్ముతారు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ అంటే ఐసీయూకి రోజుకి ఇంత, ఎక్స్‌రేకి ఇంత అని గీతగీసి ఇస్తారు. చవక, కానీ ఇక్కడి బిల్లుల ముందు అది ఏ మూలకీ రాదు. కాంప్రహెన్సివ్ అని రాసి ఉన్నది తీసుకోండి, యాక్సిడెంట్ పరిమితి పెద్దది చూసుకోండి. డెబ్బై ఏళ్ళు దాటితే కొన్ని ప్లాన్లలో ఆ పరిమితి బాగా పడిపోతుంది, నాన్నగారి వయసు చూసి ఎంచుకోండి. వాళ్ళు బయల్దేరే తేదీ నుంచే మొదలయ్యేలా కొనండి. మంచు కురుస్తున్న రోజు వాళ్ళని గుడికో, చుట్టాలింటికో తిప్పాల్సిన పనేమీ లేదు, మర్నాటికి రోడ్లు ఉప్పు చల్లి శుభ్రం చేస్తారు.

రమణమూర్తి, బ్రాంప్టన్

మేం నదికి ఇవతల కెనడాలో, ఒంటారియోలో ఉంటాం, ఇన్సూరెన్స్ రూల్స్ వేరు. కానీ ఐస్ ఒకటే కాబట్టి టైర్ల గురించి చెబుతాను. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకుండా కారు నడపడం నేరం. ఒంటారియోలో తప్పనిసరి కాదు గానీ, వేసుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీలు డిస్కౌంట్ ఇచ్చి తీరాలని 2016 నుంచి రూలుంది. మిషిగన్‌లో చట్టం అడగదని మా తోడల్లుడు చాలా ఏళ్ళు వేసుకోలేదు. మీరు అలా చేయకండి బాబూ.

ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే మామూలు టైరు రబ్బరు గట్టిపడిపోతుంది. సీఆర్‌వీకి ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధీమా వద్దు. అది బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దానిలో స్నోఫ్లేక్ గుర్తు ఉండాలి. నాలుగూ మార్చాలి, ముందు రెండే మార్చి వెనకవి వదిలేస్తే మలుపులో వెనక భాగం తిరిగిపోతుంది. సొంత రిమ్ములతో కొనుక్కుంటే ఏటా బిగించే ఖర్చు తగ్గుతుంది.

సుధీర్, కాంటన్

లలిత గారూ, రాత్రి నా డిక్లరేషన్ పేజీ తీసి చూశాను. నాకు లిమిటెడ్‌కీ స్టాండర్డ్‌కీ తేడా ఎంతో ఈరోజు కనుక్కున్నాను. పెద్ద బండికి స్టాండర్డ్ కొలిజన్‌గా మార్పించేస్తున్నాను. మా అత్తగారు కూడా జనవరిలో వస్తున్నారు, పీఐపీ విషయం ఏజెంట్‌కి మెయిల్ పెట్టాను.

ప్రవీణ్ బ్రో, టెక్సాస్ పాలసీ ఆపేసే ముందు మిషిగన్ పాలసీ మొదలవ్వాలి, మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉంటే తర్వాత ఏ కంపెనీ అయినా ఎక్కువ వేస్తుంది. ఇక్కడ ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే 200 నుంచి 500 డాలర్ల ఫైన్, ఏడాది దాకా జైలు కూడా వేయొచ్చు. పైగా ఆ కారులో మీకే దెబ్బ తగిలితే పీఐపీ రాదు.

ప్రవీణ్, నోవై

అందరికీ థ్యాంక్స్. ఇండిపెండెంట్ ఏజెంట్ దగ్గర ఈరోజు కొత్త కోట్ తీసుకున్నాను. పీఐపీ అన్‌లిమిటెడ్, కోఆర్డినేటెడ్. 250/500. సీఆర్‌వీకి బ్రాడ్ కొలిజన్, వెయ్యి డిడక్టబుల్. కరోలాకి కాంప్రహెన్సివ్ మాత్రమే. ఆరు నెలలకు 1,720. మొత్తం ఒకేసారి కడితే ఇంకో 90 తగ్గిస్తామన్నారు, అలాగే కట్టేస్తున్నాను. హెచ్‌ఆర్ ఉత్తరం రావడానికి వారం పడుతుందట.

తల్లిదండ్రుల పీఐపీ గురించి మెయిల్‌లో అడిగితే, లలిత గారు చెప్పిందే రాసి పంపారు. నాన్నకి 71, కాబట్టి ఇద్దరికీ వేరువేరు విజిటర్ ప్లాన్లు చూస్తున్నాం. వింటర్ టైర్లు ముందు సీఆర్‌వీకి వేయిస్తాం, స్నో పడిన రోజు కరోలా బయటికి తీయం. తీసేసిన టైర్లు పెట్టుకోవడానికి అపార్ట్‌మెంట్‌లో చోటు లేదు. నోవై చుట్టుపక్కల వాటిని వసంతం దాకా దాచిపెట్టే షాపులు ఎవరికైనా తెలుసా?

లలిత, ఫార్మింగ్టన్ హిల్స్

బిగించే షాపుల్లో చాలామంది సీజన్‌కి ఇంత అని తీసుకుని దాస్తారు, టైర్లు కొనేటప్పుడే బేరంలో కలిపేయండి. మొదటి స్నో పడ్డాక వెళ్తే అపాయింట్‌మెంట్ దొరకదు, ఈ వారమే ఫోన్ చేయండి. పాలసీలో రెంటల్ కవరేజ్ ఉందేమో కూడా అడగండి. జనవరిలో బాడీ షాపులన్నీ నిండిపోయి ఉంటాయి, బంపర్ మార్చడానికే వారాలు పట్టొచ్చు. అన్నాళ్ళూ పాపని డేకేర్‌కి దింపడానికి ఇంకో బండి కావాలి కదా.